కుడివైపు సముద్రం

బర్నబీ
ఏప్రిల్ 6, 2025

అక్కా,

ఇక్కడ నేనూ విద్యా బాగానే ఉన్నాం. నీ మోకాలి సంగతి అడిగినా నిజం చెప్పవు కాబట్టి, బాగా లేదనే అనుకుని మొదలుపెడుతున్నాను. ఫోన్‌లో అయిదు నిమిషాలు దాటితే మనిద్దరికీ పోట్లాట వస్తుందని ఈ ఉత్తరాల పద్ధతి పెట్టింది నువ్వే. ఇప్పుడు పోట్లాటకి కనీసం వారం పడుతోంది. ఆ మేరకి లాభమే.

ఈ ఏడు నా టూరు వ్యాన్ మొదటి ట్రిప్పు నిన్న అయింది. సిద్దిపేట నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన కొమరయ్య గారూ, ఆయన భార్య శాంతమ్మ గారూ. నా సంగతి నీకు తెలుసుగా, రోజుకి ఒకే కుటుంబం. పొద్దున ఎనిమిదికి వాళ్ల ఇంటి ముందు వ్యాన్ ఆపుతాను, సాయంత్రం అక్కడే దింపుతాను. ఎక్కేముందే చెప్పేస్తాను, వెళ్లేటప్పుడు సముద్రం ఎడమవైపు, వచ్చేటప్పుడు కుడివైపు, కిటికీ కోసం కొట్టుకోకండి అని. శాంతమ్మ గారు రెండుసార్లూ కిటికీ పక్కనే కూర్చున్నారు. కొమరయ్య గారు ఏమీ అనలేదు. చాలా ఏళ్ల కిందటే అనడం మానేసినట్టున్నారు.

జలపాతం దారిలో లావా స్తంభాల దగ్గర ఆపాను. పెన్సిళ్ల కట్ట నిలబెట్టినట్టు ఉంటాయని రాశాను కదా ఒకసారి. కొమరయ్య గారు దగ్గరికి వెళ్లి అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు. ఎవరు చెక్కారని అడిగారు. ఎవరూ చెక్కలేదు, భూమిలోంచి కాగుతూ వచ్చిన రాయి చల్లారుతున్నప్పుడు దానంతట అదే ఇలా పగిలిందని చెప్పాను. "నేను నలభై ఏండ్లు రాళ్లు కొట్టిన సారూ. గిట్ల సక్కగ ఒక్కటి గూడ కొట్టలే" అన్నారు. ముప్పై ఏళ్లు మట్టి పరీక్షల ల్యాబులో ఇంజనీరుగా పనిచేశాను, ఆ ఉద్యోగంలో నాతో ఒక్కరూ ఇలాంటి మాట అనలేదు. రిటైరయ్యాక ఈ పని ఎందుకు పెట్టుకున్నావని అడుగుతావు చూడు, ఇందుకే.

విద్య ఇప్పుడు ప్రతి ట్రిప్పుకీ వస్తోంది. పులిహోరా, మురుకులూ, ఫ్లాస్కులో టీ ఆవిడ డిపార్ట్‌మెంటు. అంతవరకూ బాగుంది. కానీ ముందు సీట్లో కూర్చుని దారి పొడుగునా ఒకటే నస. సైకిలొస్తోంది, మనిషి దిగుతున్నాడు, ఆ కారు మన లైన్లోకి వస్తోంది. నలభై ఏళ్లుగా తోలుతున్నవాణ్ణి. గెస్టుల ముందు నా పరువు తీస్తోంది.

ఎవడో పార్కింగులో నా కుడి అద్దం విరగ్గొట్టి పోయాడు. చీటీ కూడా పెట్టలేదు.

ఒక చిన్న పని. జూలైలో నాకు అరవై అయిదు నిండుతాయి. క్లాస్ ఫోర్ లైసెన్సుకి, అదే గెస్టులని ఎక్కించుకుని తోలే లైసెన్సుకి, మళ్లీ మెడికల్ అడుగుతారు, కళ్లు కూడా చూస్తారట. నువ్వు ముప్పై అయిదేళ్లు కళ్ల డాక్టరువి. నా కళ్లు బాగున్నాయని ఒక ముక్క రాసి పంపు. ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని బయట ఎక్కడో క్యూలో ఎందుకు నిలబడాలి?

నాలుగేళ్లయింది, నువ్వు మాత్రం ఒక్కసారీ నా వ్యాన్ ఎక్కలేదు. ఈ వేసవికైనా రా.

నీ తమ్ముడు,
కిరీటి

*

ఎడ్మంటన్
ఏప్రిల్ 17

కిరీటీ,

మోకాలు ఎలా ఉందో నేను నిజం చెప్పనన్నావు కాబట్టి చెప్తున్నాను, వినక తప్పదు. మెట్లు ఎక్కేటప్పుడు బాగుంటుంది, దిగేటప్పుడు ఉండదు. అందుకని పైకి వెళ్తే అక్కడే ఉండిపోతున్నాను. ఇక్కడ ఇంకా మంచు పూర్తిగా కరగలేదు. గోంగూర విత్తనాలు వంటింటి కిటికీలో డబ్బాల్లో వేశాను, రెండు మొలిచాయి. ఆ రెండిటికీ రోజూ హాజరు వేస్తున్నాను.

కొమరయ్య గారి సంగతి చదివి, ఇక్కడ తెలిసినవాళ్లు ఇద్దరికి వినిపించాను. నువ్వు చెప్పింది తప్పు కాదు గానీ, రాళ్లు కొట్టిన మనిషికి రాయి గురించి చెప్పడానికి నీకు ధైర్యం ఎక్కువ.

నీ ఉత్తరంలో రెండు మూడు విషయాలు అర్థం కాలేదు. అద్దం విరిగినప్పుడు నువ్వు వ్యాన్‌లో లేవా? విద్య చెప్పేవన్నీ కుడివైపు సంగతులేనా, ఎడమవైపువి కూడా చెబుతుందా? ఆవిడ ఎప్పటినుంచి వస్తోంది? మీ అమ్మాయి రిషిత పెళ్లిలో నేనిచ్చిన కంటి చుక్కలు వాడుతున్నావా?

సర్టిఫికెట్ నేను రాయను. రిటైరైపోయాను, రాసినా చెల్లదు. చెల్లినా రాయను. మీ ఇంటి దగ్గరే ఎవరో ఒక కళ్ల డాక్టరు ఉంటారు. ఈ వారమే వెళ్లు. ఫీల్డ్ టెస్ట్ అని అడుగు. గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టి కూర్చుంటావు, చుట్టూ చుక్కల్లా దీపాలు వెలుగుతాయి, కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. పది నిమిషాల పని.

విద్యకి నా ముద్దులు. పులిహోరలో ఇంగువ ఎక్కువ వెయ్యద్దని చెప్పు, వ్యాన్ అంతా పట్టుకుంటుంది.

అక్క

*

బర్నబీ
మే 3

అక్కా,

తమ్ముడికి ఒక ముక్క రాయడానికి ఇంత రూలు మాట్లాడతావనుకోలేదు. చిన్నప్పుడు నా లీవు లెటర్లన్నీ నాన్న సంతకంతో నువ్వే పెట్టేదానివి. సరే.

అడిగావు కాబట్టి చెప్తున్నా. ఆ చుక్కలు వేసుకుంటే కళ్లు ఎర్రబడేవి. పొద్దున్నే ఎర్రటి కళ్లతో వ్యాన్ డోర్ తీస్తే గెస్టులు ఏమనుకుంటారు? ఒకాయన అడగనే అడిగాడు, రాత్రి పార్టీయా అంకుల్ అని. ఆ సీసా అయ్యాక మళ్లీ కొనలేదు. నాకు నొప్పి లేదు, మసక లేదు. అవతలి ఒడ్డున చెట్టు చివర కూర్చున్న గద్దని గెస్టులకంటే ముందు నేనే చూపిస్తాను. అలాంటి కళ్లకి ఇంకేం పరీక్ష?

విద్య పోయిన ఏడాది వేసవి నుంచి వస్తోంది. ఇంట్లో ఒక్కదానికీ తోచక.

మొన్న వేడినీళ్ల ట్రిప్పు చేశాను, హారిసన్ సరస్సు దగ్గర. నేను కోనసీమ అనుకున్న కుటుంబం కర్నూలు వాళ్లని తేలింది. ఇక్కడికొచ్చాక అందరి మాటా ఒక్కలాగే అయిపోతోంది. వాళ్లలో సుగుణమ్మ గారని ఒక పెద్దావిడ. నీటి బుగ్గ దగ్గర ఆవిరి చూడగానే చెప్పులు విప్పేశారు. సంచీలోంచి పసుపూ కుంకుమా తీశారు. ఇది భూమి లోతుల్లోకి దిగిన నీళ్లు వేడెక్కి పైకి రావడమే, దేవుడు కాదండీ అని చెప్పాను. భూమిని మించిన దేవుడెవరు నాయనా అన్నారు. నీళ్లలో ఏమీ వెయ్యకూడదు, ఇక్కడి వాళ్లు ఎన్ని తరాలుగానో ఈ నీళ్లకి దణ్ణం పెట్టుకుంటున్నారు, అందుకే శుభ్రంగా ఉంచుకుంటారు అని చెప్తే వెంటనే ఒప్పుకుని, గట్టు మీద నేలకే బొట్టు పెడతానన్నారు. అలా పెడుతుండగా నేను వెనక్కి తిరిగాను. ఆవిడ నా పక్కనే వంగి ఉన్నారట. నా మోచెయ్యి తగిలి కుంకుమ భరిణె ఎగిరిపోయింది. నా ప్యాంటు చూసి విద్య రెండు రోజులు నవ్వింది. కాదు, ఒక రోజు నవ్వింది. రెండో రోజు మొహం గంటు పెట్టుకుని కూర్చుంది, ఎందుకో చెప్పలేదు.

ఈ నెల ఇరవై తొమ్మిదిన విద్య అమ్మాయి దగ్గరికి గ్వెల్ఫ్ వెళ్తోంది. రిషితకి జూన్ రెండో వారంలో డెలివరీ. ఎనిమిది వారాలు అక్కడే. ఆ ఎనిమిది వారాలూ నా వ్యాన్‌లో ప్రశాంతంగా ఉంటుంది.

కిరీటి

*

ఎడ్మంటన్
మే 13

కిరీటీ,

ఈ ఉత్తరాన్ని రెండుసార్లు చింపి మళ్లీ రాస్తున్నాను. నవ్వించడానికి ఏమీ లేదు ఇందులో.

నీకు కుడివైపు కనిపించడం లేదు. నువ్వు చూడడం లేదని కాదు, అక్కడ కనిపించడం లేదన్న సంగతే నీకు తెలియడం లేదు. ఈ జబ్బు అలాగే వస్తుంది. గ్లకోమా. మన వైపు నీటికాసులంటారు. నొప్పి ఉండదు. ఎదురుగా ఉన్న గద్ద శుభ్రంగా కనిపిస్తుంది. పక్కన వంగిన మనిషి కనిపించదు. అద్దం ఎవడూ విరగ్గొట్టలేదు తమ్ముడూ, నువ్వే ఏ స్తంభానికో రాసుకుని వచ్చి ఉంటావు. విద్య తోచక రావడం లేదు. ఏడాదిగా నువ్వు నీ పెళ్లాం కళ్లతో బండి తోలుతున్నావు. ఆవిడ నీతో ఆ మాట అనలేక నస పెడుతోంది.

నాన్న గుర్తున్నారా? కంచంలో ఒక పక్కన వడ్డించిన కూర అలాగే వదిలేసేవారు. ఆయనకి వంకాయ ఇష్టం లేదనుకున్నాం మనం. అమ్మ మాట్లాడకుండా కంచం తిప్పి పెట్టేది, అప్పుడు తినేవారు. నేను మెడిసిన్ మూడో ఏడులో ఉండగా ఆ క్లాసు వింటూ ఏడ్చాను. అప్పటికి ఆయనకి చూపు పూర్తిగా పోయింది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. రిషిత పెళ్లిలో, తలంబ్రాలయ్యాక హోటల్ గదిలో నిన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి నీ కళ్లలోకి చూశాను. నాకు నచ్చలేదు. ఇంకెవరైనా అయితే ఆ సోమవారమే పరీక్షలు చేయించి, ఫైలు తెరిచి, రాకపోతే ఫోన్ చేయించి పిలిపించేదాన్ని. నువ్వు తమ్ముడివి. పెళ్లిలో నిన్ను భయపెట్టడం ఎందుకని సంచీలో ఉన్న సీసా చేతిలో పెట్టి, ఇవి వేసుకోరా అన్నాను. ఊళ్లో అందరి కళ్లూ చూశాను, నిన్ను మాత్రం అక్కలా చూశాను. మూడేళ్లు పోయాయి. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది నిలుపుకోవచ్చు.

నేను అబద్ధం చెబుతున్నాననుకుంటే ఒక పని చెయ్యి. గోడకి ఒక మేకు చూసుకో. ఎడమ కన్ను మూసుకుని మేకునే చూస్తూ, ఒక చెంచా పట్టుకుని కుడి చెవి పక్కనుంచి మెల్లగా ముందుకి తీసుకురా. ఎప్పుడు కనిపించిందో చూసుకో. తర్వాత విద్యని కూడా అలాగే చెయ్యమను.

విద్య వెళ్లాక వ్యాన్ తీయకు. అసలు రేపటినుంచే తీయకు. ఆ దారిలో ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. నీ వెనక ఒక కుటుంబం.

నాకోసం.

అక్క

*

బర్నబీ
మే 22

సీతాదేవి గారికి,

మీ ఉత్తరం అందింది.

బావగారు బతికుండగా మీ ఇంట్లో భోజనాల దగ్గర అందరి ముందూ ఒక మాటన్నారు. ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసి చివరికి టాక్సీ తోలుతావా అని. నువ్వు అప్పుడు సాంబారు వడ్డిస్తున్నావు. తలెత్తలేదు. నాలుగేళ్లలో ఒక్కసారి నా వ్యాన్ ఎక్కకపోవడానికి మోకాలు కారణం కాదని నాకెప్పుడో తెలుసు. ఆ మాట నువ్వు ఇన్నాళ్లు దాచుకుని ఇప్పుడు డాక్టరు భాషలో అన్నావు.

చెంచాలూ మేకులూ పట్టుకుని ఆడుకునే తీరిక నాకు లేదు. జూన్ ఆఖరు వరకు బుకింగులున్నాయి. బుక్ చేసుకున్నవాళ్ల అమ్మానాన్నలు వీసా అయిపోయి వెళ్లిపోతారు, వాళ్లకి మళ్లీ ఈ కొండలు దొరకవు. నేను మాటిచ్చాను, తీసుకెళ్తాను.

విద్యకి ఫోన్లు చేసి బెదిరించకు. కడుపుతో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తోంది.

కిరీటి

*

బర్నబీ
జూన్ 2

అక్కా,

నీకు ఇక రాయకూడదనుకున్నాను. ఇవాళ ఇంకెవరికీ చెప్పలేను.

నిన్న విద్య లేకుండా మొదటి ట్రిప్పు. తనీష్, దేవిశ్రీ అని ఒక జంట, వాళ్ల ఆరేళ్ల పాప చిన్ను. సరదాగా గడిచింది. జలపాతం చూశారు, లావా రాళ్ల మీద కూర్చుని తిన్నారు. పాపకి దారిలో ఒక నల్లరాయి దొరికింది, చిల్లులు చిల్లులుగా, స్పాంజిలా ఉండేది. ఇది ఒకప్పుడు నిప్పు అని చెప్తే చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

తిరిగొచ్చేటప్పుడు సముద్రం కనిపించే చోట ఫోటోలకి ఆపాను. అందరూ ఎక్కారనుకున్నాను. డోర్ మూసిన చప్పుడు విన్నాను. ముందు చూశాను, ఎవరూ లేరు. అద్దం చూశాను. ప్రమాణం చేసి చెబుతున్నాను అక్కా, నేను చూశాను. గేరు వేసి కదిలించాను. దేవిశ్రీ కేక వేస్తూ కుడివైపు నుంచి పరిగెత్తుకొచ్చి రెండు చేతులతో బానెట్ మీద కొట్టింది. బ్రేకు తొక్కాను.

పాప బంపర్ కుడి మూలన వంగి ఉంది. జారిపోయిన రాయి ఏరుకుంటోంది. దానికీ చక్రానికీ మధ్య నా జానెడు కూడా లేదు.

దానికి ఏమీ కాలేదు. ముందు ఆ మాట రాయాల్సింది. ఏమీ కాలేదు. "ఐ వాజ్ జస్ట్ గెటింగ్ మై రాక్" అంది, నేనేదో కోప్పడతానని భయపడి. దేవిశ్రీ పాపని పట్టుకుని కింద కూర్చుండిపోయింది. తనీష్ మంచివాడు, నన్ను ఒక్క మాటా అనలేదు, అంకుల్ మీరు చూసుకోలేదు అంతే అన్నాడు. తాళాలు అతని చేతిలో పెట్టాను. అతనే తోలాడు. నేను పక్క సీట్లో, విద్య కూర్చునే చోట కూర్చుని వచ్చాను.

ఇంటికొచ్చి వంటింట్లో నీ చెంచా పట్టుకున్నాను. క్యాలెండరు మేకుని చూస్తూ చెవి దగ్గర నుంచి తీసుకొచ్చాను. తీసుకొస్తూనే ఉన్నాను. దాదాపు ముక్కు ముందుకి వచ్చేదాకా లేదు. నాలుగుసార్లు చేశాను. తర్వాత అక్కడే స్టూలు మీద కూర్చున్నాను.

నువ్వు చెప్పిన ప్రతి మాటా నిజం. వ్యాన్ ఇక తీయను. బుకింగులన్నీ పొద్దున్నే క్యాన్సిల్ చేశాను, ఆరోగ్యం బాగాలేదని చెప్పాను. విద్యకి ఇంకా చెప్పలేదు, డెలివరీ కానీ.

నీతో మాట్లాడిన తీరుకి క్షమించు అని రాయాలంటే సిగ్గుగా ఉంది. రాశాను.

కిరీటి

*

ఎడ్మంటన్
జూన్ 3

కిరీటీ,

నీ ఆఖరి ఉత్తరం వచ్చి వారమైంది. నేను గారిని అయిపోయాను. మంచిదే. ఈ పని గారే చెయ్యాలి, అక్క వల్ల కాదు.

నిన్న విద్యకి ఫోన్ చేశాను. చెయ్యొద్దన్నావు, చేశాను. బెదిరించలేదు, అద్దం ఎలా విరిగిందని మాత్రమే అడిగాను. ఏడ్చేసింది. ఏడాదిగా ఈ సంగతి మోస్తోంది పిచ్చిది. చెబితే నువ్వు వ్యాన్ మానేసి మంచం ఎక్కుతావని భయం. ఉద్యోగం వదిలాక ఆ ఏడాది నువ్వు సోఫాలో ఎలా పడి ఉన్నావో ఆవిడకి తెలుసు. తను పక్కనుంటే ఏమీ కాదులే అనుకుంది. ఇప్పుడు పక్కన లేదు.

అందుకని ఇవాళ మీ లైసెన్సు ఆఫీసుకి ఉత్తరం రాశాను. నీ పేరు, నా పేరు, నేను చూసింది, నా అనుమానం, మన నాన్నగారి సంగతి. చాటుగా చెయ్యలేదు, అందుకే నీకు కూడా రాస్తున్నాను. వాళ్లు నిన్ను పరీక్షకి పిలుస్తారు. ఒప్పుకోకపోతే లైసెన్సు ఆపేస్తారు.

సాంబారు వడ్డిస్తూ తలెత్తలేదన్నావు. నిజమే. మీ బావ అన్నది తప్పు, నేను ఊరుకోవడం అంతకంటే తప్పు. కానీ నీ వ్యాన్ ఎక్కకపోవడానికి అది కారణం కాదు. అంత దూరం విమానంలో, ఆ తర్వాత రోజంతా వ్యాన్‌లో, మధ్యమధ్య నన్ను చేతులు పట్టి దింపి, బాత్‌రూం ఎక్కడుందో వెతికి, నీ గెస్టుల ముందు నేను ముసలిదాన్ని అయ్యానని చూపించుకోవడం ఇష్టం లేక. అంతే. నీ పని చూసి నాకు ఏనాడూ చిన్నతనం అనిపించలేదు. నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుంటాను.

తిట్టుకో. మాట్లాడకు. ఎన్నాళ్లయినా సరే. ఎవరి పిల్లో నీ బండి కింద పడకుండా ఉంటే నాకు చాలు.

సీతాదేవి

*

ఎడ్మంటన్
జూన్ 10

ఒరేయ్ కిరీటీ,

నీ రెండో తారీఖు ఉత్తరం నిన్న వచ్చింది. అది తెరిచే సమయానికి నా ఉత్తరం నీకు చేరిపోయి ఉంటుంది, ఆఫీసుకీ చేరి ఉంటుంది. నువ్వు వ్యాన్ ఆపేసిన రెండు రోజులకి నేను నీ మీద ఫిర్యాదు రాశాను.

ఆగలేకపోయాను. ఇంకో వారం ఆగి ఉంటే నువ్వే మానుకున్నట్టుగా ఉండేది, ఇప్పుడు నేను లాక్కున్నట్టయింది. ఇవాళ పొద్దున ఆ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగాను, వెనక్కి తీసుకోవచ్చా అని. ఒకసారి అందాక వీలుపడదన్నారు. మర్యాదగానే చెప్పారు.

ఆ పాప సంగతి మూడుసార్లు చదివాను. ప్రతిసారీ ఏమీ కాలేదన్న చోటికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టే చదివాను, తెలిసి కూడా. నువ్వు చూశానన్నావు. చూశావు తమ్ముడూ. నీ మెదడు ఆ ఖాళీలో రోడ్డు పెట్టి నీకు చూపించింది. అది నీ నిర్లక్ష్యం కాదు. అలా అనుకుని నిన్ను నువ్వు తినెయ్యకు. మూడేళ్ల కిందట నేను చెయ్యాల్సిన పని చేసి ఉంటే ఆ పాప రాయి ఏరుకుని ఎక్కేది, నువ్వు చూసేవాడివి. అందులో నా వాటా నాకు తెలుసు.

చుక్కలు. ముందు డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇప్పుడు కళ్లు ఎర్రబడని రకాలు కూడా ఉన్నాయి, అడుగు.

జవాబు రాయాలనిపిస్తేనే రాయి.

అక్క

*

బర్నబీ
జూలై 14

అక్కా,

ముందు శుభవార్త, విద్య నీకు చెప్పే ఉంటుంది. రిషితకి పాప. మూడు కిలోలు. విద్య ఫోన్‌లో ఫోటోలు పంపుతోంది, నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి గానీ అలా అనకూడదట.

నెల రోజులు రాయలేదు. కోపం మీద కాదు. నిజం చెప్పాలంటే ఒక రోజు కోపం ఉంది. నువ్వు ఆఫీసుకి రాశావన్న ఉత్తరం చదివిన రోజు. తాళాలు నేనే ఇచ్చేశాను కదా, ఆ ఒక్క గౌరవమైనా మిగల్చకూడదా అనిపించింది. మర్నాడు ఇంకోలా ఆలోచించాను. ఆ బంపర్ మూలన పాప లేకపోయి ఉంటే నేను వ్యాన్ ఆపేవాణ్ణా? ఆపేవాణ్ణి కాదు. ఆ రోజు బాగా జరిగిందని నీకు గొప్పగా రాసి, మర్నాడు ఇంకో కుటుంబాన్ని ఎక్కించుకునేవాణ్ణి. నీ ఉత్తరం అప్పుడు సరిగ్గా సమయానికి వచ్చేది. నువ్వు రాసింది నా మీద కాదు, వ్యాన్ ఆపని ఆ మనిషి మీద.

లైసెన్సు ఆఫీసు కాగితం జూన్ పదహారున వచ్చింది. ఫీల్డ్ టెస్టు చేశారు. నువ్వు చెప్పిన గిన్నెలోనే మొహం పెట్టాను, బటన్ నొక్కాను. అయిపోయిందా అని అడిగాను, ఇంకా జరుగుతోందన్నారు. నాకేమో చాలాసేపటిగా ఒక్క దీపం కూడా వెలగలేదు. కుడి కన్ను ఫలితం కాగితం మీద కుడివైపంతా నల్లగా వచ్చింది, ఎడమ కన్నులోనూ కొంత మొదలైందట. క్లాస్ ఫోర్ పోయింది. మామూలు లైసెన్సు కూడా పోయింది. ఏడ్చాను. క్లినిక్ బయట బస్టాపులో. ఏడవకూడదని అనుకోలేదు కూడా.

చుక్కలు మొదలుపెట్టారు. రాత్రికి ఒక్కటి. ఎర్రబడడం లేదు. ప్రెషర్ దిగిందన్నారు, ఇలాగే వాడితే ఉన్న చూపు ఉంటుందన్నారు. విద్యకి మొత్తం చెప్పేశాను. ఫోన్‌లో ఏడుస్తూ తిట్టింది, ఏడాది పాటు గొంతు చించుకున్నాను మీకోసమని. తిట్టడంలో ఆవిడ గొంతు తేలికైపోయినట్టు వినిపించింది.

వ్యాన్ అమ్మలేదు. తారక్ అని క్లాస్ ఫోర్ ఉన్న డ్రైవరు దొరికాడు, కాకినాడ వాడు, ఇక్కడే రెండేళ్లు స్కూల్ బస్సు తోలాడు. నిన్న అతను తోలితే నేను పక్కన కూర్చుని గెస్టులకి చెప్పుకుంటూ వెళ్లాను. ఒక సంగతి చెబితే నవ్వుతావు. నాలుగేళ్లుగా వాళ్లందరికీ అదిగో సముద్రం, అదిగో ద్వీపాలు అని చూపిస్తూ వచ్చాను, నేను మాత్రం ఏనాడూ చూడలేదు. కళ్లు రోడ్డు మీద ఉండేవి. నిన్న మొత్తం తల తిప్పి కూర్చుని చూశాను. పొద్దున్న నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయి. మధ్యాహ్నానికి బూడిద రంగు తిరిగాయి. ఒక చోట కొండ మీంచి జారిన పాత లావా నీళ్ల వరకూ వచ్చి ఆగిపోయి ఉంది. అక్కడ అది ఉందని నాకు తెలుసు, వాళ్లకి వందసార్లు చెప్పాను, కానీ చూసింది నిన్ననే. తారక్‌ని ఆపమన్నాను. గెస్టులు ఫోటోలకనుకున్నారు. నాకోసమే ఆపించాను.

డాక్టరు అమ్మాయి, చిన్నపిల్ల, అడిగింది, దీన్ని మొదట ఎవరు కనిపెట్టారని. మా అక్క అన్నాను. ఏ క్లినిక్కులో చూశారని అడిగింది. చూడలేదు, నా ఉత్తరాలు చదివి చెప్పిందన్నాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. కుటుంబంలో ఇంకా ఎవరికైనా ఉందా అని అడిగింది. మా నాన్నకి ఉండేదని చెప్పాను. తోబుట్టువులందరూ పరీక్ష చేయించుకున్నారా అంది. ఉన్నది మా అక్క ఒక్కతే, అడిగి చెప్తానన్నాను.

అక్కా, నీ కళ్లు ఎవరు చూశారు? ముప్పై అయిదేళ్లు అందరివీ చూశావు. బావగారు పోయాక కారు అమ్మేశావు, మోకాలు అన్నావు. మెట్లు దిగేటప్పుడే బాగుండదంటావు, అది మోకాలేనా? నువ్వు నా ఉత్తరాలు ఎలా చదివావో నేనూ నీవి అలాగే తీసి చదివాను, మొన్న రోజంతా.

ఆగస్టు తొమ్మిదికి నీకు విమానం టికెట్టు తీసుకున్నాను. ఎయిర్‌పోర్టుకి తారక్ వస్తాడు, వీల్‌చెయిర్ కూడా చెప్పాను, మొహమాటపడకు. పన్నెండున వ్యాన్‌లో మనిద్దరమే, గెస్టులు లేరు, బాత్‌రూమ్‌లు ఎక్కడెక్కడున్నాయో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కానీ దానికి ముందు పదకొండో తారీఖు పొద్దున పదింటికి, ఆ డాక్టరు అమ్మాయి దగ్గరే నీకూ అపాయింట్‌మెంట్ ఉంది. రానంటావని తెలుసు, నీకే అన్నీ తెలుసంటావని కూడా తెలుసు.

నీ కళ్లు నువ్వు చూసుకోలేవు కదా అక్కా.

కిరీటి